లోయకొక నత్త

డిగ్రీ విద్యార్థులకు ఏళ్ల తరబడి పైలా పాఠం చెప్పాను. మన చెరువుల్లోని ఆ నత్త ఒక్క విడతకే వందల గుడ్లు పెడుతుంది. హవాయి దీవుల్లో, ఓహు అడవుల్లో ఉండే అకటినెల్లా అనే చెట్టునత్తలు అలా కాదు. అవి గుడ్లు పెట్టవు, ఒక్కసారికి ఒక్క పిల్లనే కంటాయి. ఆ పిల్ల ఎదిగి తల్లి కావడానికి ఏళ్లు పడుతుంది. ఆకును కూడా కొరకవు. దాని మీద పట్టిన బూజును నాకి బతుకుతాయి. ఇంత నెమ్మదైన బతుకు మీద మనుషులు ఎంత తొందరగా పడ్డారో తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

చారలు, రంగులు, నిగనిగలున్న ఆ గుల్లలను స్థానికులు దండలుగా గుచ్చేవారు. అలాంటి దండలోని గుల్లనే నావికుడు జార్జ్ డిక్సన్ 1789లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాల పిల్లలకు గుల్లల వేట పిచ్చిగా పట్టుకుంది. కొండలెక్కి వేల కొద్దీ ఏరి తెచ్చేవారు.

ఆ పిల్లల్లో ఒకడు జాన్ థామస్ గులిక్. ఏరినవాటిని ఏ లోయవి ఆ లోయవిగా పేర్చుకుంటే అతనికి ఒక సంగతి తెలిసింది. గట్టు దాటితే నత్త మారుతోంది! అటూ ఇటూ వాన ఒకటే, చెట్లూ ఒకటే. మరి తేడా ఎక్కడిది? విడిగా ఉండిపోవడమే కొత్త రూపాలకు దారి తీస్తుందని 1872లో రాశాడు. డార్విన్‌ను కూడా కలిశాడు. వేటను నేను సమర్థించను. కానీ జీవపరిణామం చెప్పేటప్పుడు గులిక్ లేకుండా నా పాఠం ముగిసేది కాదు.

ఈ నత్తల వర్గీకరణ చిక్కుముడి కావడానికీ లోయలోయకూ రూపం మారడమే కారణం. లోయకొక పేరు పెట్టుకుంటూ పోయిన చిట్టాను శాస్త్రవేత్తలు పిల్స్‌బ్రీ, కుక్ 1912-14 మధ్య 41 జాతులకు కుదించారు.

అడవులు తరిగాయి, ఎలుకలు పెరిగాయి. పంటలు తినే ఆఫ్రికా నత్తను అణచడానికని 1955లో యూగ్లాండినా అనే వేటనత్తను తెచ్చి వదిలారు. అది చెట్టునత్తల మీద పడింది. 1981లో ప్రజాతి మొత్తాన్నీ ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. డిక్సన్ వర్ణించిన జాతిలో చివరిది, జార్జ్ అని పిలుచుకున్న నత్త, 2019 జనవరి 1న సంరక్షణ కేంద్రంలో చనిపోయింది. ఒక లోయ నత్త పోతే పక్క లోయ నుంచి తెచ్చి నింపే వీలుండదు, గులిక్ చూపించింది అదే కదా.

మిగిలిన కొద్ది జాతుల కోసం అడవిలో గోడలు కట్టారు. వేటనత్త పాకి రాకుండా వాటికి రాగి జల్లెడ, విద్యుత్ తీగ అమర్చారు. ఒక్క కొమ్మ విరిగి గోడ మీద పడినా శత్రువుకు వంతెన దొరికినట్టే, అందుకే కాపలా ఆపరు.