మట్టిగాజులు

బంగారంతో చేయించుకున్నా సరే, చేతికి వేసుకునేదాన్ని మనం గాజు అనే అంటాం. అసలు సిసలు గాజుతో చేసినవాటినేమో మట్టిగాజులంటాం. చిత్రంగా లేదూ? కానీ ఆ పేరు పెట్టిన మన అమ్మమ్మలేమీ పొరబడలేదు. గాజు పుట్టేది ఇసుకలోంచే మరి!

ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కొలిమిలో కరిగిస్తే గాజవుతుంది. ఈ కిటుకు మెసపొటేమియా వాళ్లకు సుమారు 4,500 ఏళ్ల కిందటే తెలుసు. మొదట్లో పూసలు చేసేవారు. గొట్టంతో ఊది సీసాలూ గిన్నెలూ చేయడం సిరియా ప్రాంతంలో మొదలై 2,000 ఏళ్లు దాటింది. మరి మన సంగతో? 1950-52లో బి.బి. లాల్ హస్తినాపురంలో తవ్వకాలు జరిపితే, క్రీస్తుకు పూర్వం నాటి గాజుల ముక్కలు దొరికాయి. ద్రౌపది అత్తవారి ఊళ్లో ఏ ఇల్లాలి చేతివో పాపం!

ఇవాళ మనం వేసుకునే మట్టిగాజుల్లో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. కోబాల్టు కలిపితే నీలం, రాగి కలిపితే ఆకుపచ్చ. కరిగిన ముద్దను తీగలా సాగదీసి, తిరిగే కడ్డీకి చుడతారు. అచ్చం స్ప్రింగులా వస్తుంది. దాన్ని నిలువునా కోస్తే చుట్టలు విడివడతాయి. అప్పటికి అవి గాజులు కావు. కొసలు కలవని వంకర తీగలు!

ఆ కొసలు కలిపేది చాలావరకు ఇళ్లలో ఆడవాళ్లే. చిన్న మంట ముందు కూర్చుని, ఒక్కొక్కటే వేడిచేసి, వంకర తీసి, అతుకుతారు. మంట అల్లల్లాడితే అతుకు చెడుతుందని మండువేసవిలోనూ ఫాను వేసుకోరు. కూలి కట్టల లెక్కన. పసిపిల్లలు సైతం ఆ మంటల ముందు కూర్చున్న రోజులున్నాయి.

తాజ్‌మహల్ పాలరాయి పొగకు పచ్చబడుతోందని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో ఫిరోజాబాద్ కొలుముల్లో బొగ్గు పోయి గ్యాసు వచ్చింది. రాతికి ఊరట దొరికింది. మంచిదే. మరి ఇంట్లో మంట ముందు కూర్చున్న ఆమె కళ్లకో?

ఈ శ్రావణంలో కొత్త గాజులు వేయించుకున్నాక ఒకదాన్ని మెల్లగా తిప్పి చూడండి. వేలికి చిన్న బొడిపె తగులుతుంది. అదే ఆమె వేసిన అతుకు. డజనుకు రెండు రూపాయలు తగ్గించమని బేరమాడేదాన్ని నేనూనూ. ఆ బొడిపె చేతికి తగిలాక మాత్రం నోరు పెగల్లేదు.