బిడ్డ ముంజేతి కంకణము

మెదడు ఎదుగుచున్న దశలో దానికి కలిగిన హాని వలన కాలుసేతులు బిగిసి స్వాధీనము తప్పుటను సెరిబ్రల్ పాల్సీ అందురు. దీనిని మొదట విపులముగా వర్ణించినవాడు లండను వైద్యుడు విలియం జాన్ లిటిల్. ఆయనకే చిన్ననాట పోలియో సోకి పాదము వంకరపోయినది. 1836లో జర్మనీలోని హానోవరుకు పోయి, స్ట్రోమయరు అను శస్త్రవైద్యునిచేత మడమ వెనుకటి స్నాయువును కోయించుకొని నడక చక్కబరచుకొన్నాడు. కష్టప్రసవము, పుట్టగానే ఊపిరి అందకపోవుట ఈ వ్యాధికి మూలమని ఆయన 1861లో చెప్పినాడు. కష్టప్రసవము మూలము కాదేమో, గర్భమునందే ఏర్పడిన లోపమునకు అది చిహ్నమేమో అని 1897లో ప్రశ్నించినవాడు ఫ్రాయిడ్. మనస్తత్త్వశాస్త్రమున పేరుపొందిన ఆ ఫ్రాయిడే.

ఈ వాదము నడచిన కాలముననే, ఒంటికి తగిలించుకొను యంత్రమొకటి ఫ్రాన్సులో పుట్టినది. మారే అను శాస్త్రజ్ఞుడు బూటు అడుగున గాలి అర అమర్చి, రబ్బరు గొట్టముతో దానిని నడచువాని చేతిలోని యంత్రమునకు కలిపినాడు. అడుగు పడినప్పుడెల్ల గాలి ఒత్తిడికి ములుకు కదిలి, తిరుగు స్తూపముపై గీత గీసెడిది. 1873లో వెలువడిన ఆయన గ్రంథమున దాని బొమ్మ కలదు.

నేటి కంకణము ఆ బూటుకు మునిమనుమరాలు. మోటారుకార్లలో ప్రమాదవేళ గాలిసంచి విచ్చుకొనుటకై 1990 దశకమున వాడుకలోకి వచ్చిన సూక్ష్మ త్వరణమాపకమువంటిదే దీనియందును ఉన్నది. చేతి కదలికలను అది లెక్కించి, ఈ ప్రసంగమును మీ యింటికి తెచ్చు తరంగముల జాతివే అయిన తరంగములమీద ఫోనుకు, అచ్చటినుండి చికిత్సకునికి పంపును.

దీని అవసరమేమి? ఆస్పత్రిలో బలహీనపు చేతితో చెక్కబిళ్ళలు పేర్చిన బిడ్డ ఇల్లు చేరగానే అన్నము, ఆట సమస్తమును మంచి చేతితోనే కానిచ్చును. చేయగలుగుట వేరు, చేయుట వేరు. మంచి చేతిని కొంతకాలము కట్టివేసి రెండవదానికి పని కల్పించు చికిత్సను అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ రూపొందించినాడు. దాని ఫలము తెలియవలసినది ఇంటిలోనే గాని పరీక్షగదిలో కాదు. అందుకే రెండు ముంజేతులకును కంకణములు తొడిగి సరిపోల్చుదురు.

అయితే యంత్రమునకు కదలిక తెలియును గాని కారణము తెలియదు. తల్లి చంకనెత్తుకొని నడచినను అంకె పెరుగును. తక్కువ అంకె చూపి తల్లిని నిలదీయుట మరింత అన్యాయము. ఆనాడు బిడ్డకు జ్వరమై ఉండవచ్చును. కనుక పలువురు పరిశోధకులు తల్లిచేత ఒక దినచర్య పట్టిక వ్రాయించి, ఏ వేళ నిద్ర, ఏ వేళ స్నానము, కంకణము ఎప్పుడు తీసినది చూచుకొని, ఆ పిమ్మటనే అంకెలు చదువుచున్నారు.