రంజీ ట్రోఫీలో జోన్‌లు: ఎంపికలో న్యాయం ఎంత?

సర్వీసులో ఉన్నన్నాళ్లూ మనమందరం ఏదో ఒక జోన్‌కు చెందినవాళ్లమే. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో అప్పటి ఆంధ్రప్రదేశ్‌ను ఆరు జోన్‌లుగా విభజించినప్పుడు మన మహబూబ్‌నగర్ జిల్లా ఆరో జోన్‌లో చేరింది. 2018 ఉత్తర్వులతో తెలంగాణలో ఏడు జోన్‌లు ఏర్పడి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జోగులాంబ జోన్‌లోకి వచ్చాయి. "పక్క జోన్‌లో నాకంటే జూనియర్‌కు ప్రమోషన్ వచ్చింది, నేనింకా సీనియర్ అసిస్టెంటుగానే ఉన్నాను" అనే మాట ఆఫీసుల్లో వినని వారుండరు. జోన్ వల్ల మేలేమిటో, కీడేమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇదే తగాదా మన దేశపు క్రికెట్‌లోనూ దాదాపు డెబ్బై ఏళ్లు నడిచింది. ఇంటింటా టీవీలో క్రికెట్ చూసే మన పిల్లలకు ఈ చరిత్ర తెలియదు. పెద్దవాళ్లలో కూడా కొందరు మరచిపోయి ఉంటారు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాను.

రంజీ ట్రోఫీ 1934-35లో మొదలయింది. తొలి మ్యాచ్ మద్రాసు, మైసూరు జట్ల మధ్య 1934 నవంబరు 4న చెపాక్‌లో జరిగి ఒక్క రోజులోనే ముగిసింది. దేశమంతా రైళ్ల మీద తిరగడం ఆ రోజుల్లో ఖర్చుతోనూ, రోజులతోనూ కూడిన పని. అందుకని ఇరుగుపొరుగు జట్లను ఒక జోన్‌గా చేర్చి, ముందు వాటిలో అవి ఆడుకుని, జోన్ విజేత మాత్రమే పైకి వచ్చే పద్ధతి పెట్టారు. ఆ కాలానికి అది సబబైన ఏర్పాటే. ఆ పద్ధతిలోనే మన హైదరాబాదు జట్టు 1937-38లో ట్రోఫీ గెలిచింది. ఫైనల్లో నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో విజయం. ఎడుల్జీ ఐబారా 137 పరుగులతో చివరిదాకా అజేయంగా నిలబడ్డారు. ఆ ఇన్నింగ్స్ గురించి హైదరాబాదు క్రికెట్ అభిమానులు తరతరాలుగా చెప్పుకున్నారు.

తర్వాత రైళ్లు పెరిగాయి, సౌకర్యాలు పెరిగాయి. జోన్ మాత్రం అలాగే ఉండిపోయింది. 1957-58 నుంచి జోన్ లోపల ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడే లీగ్ పద్ధతి వచ్చింది. పైకి పోయేది మాత్రం ఒక్కటే. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

1960ల నాటి సౌత్ జోన్‌ను తలచుకోండి. హైదరాబాదుకు జైసింహ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ. ఆ దశాబ్దం నడుమ పటౌడీ నవాబు కూడా మన జట్టులోకి వచ్చారు. మైసూరుకు ప్రసన్న, చంద్రశేఖర్. మద్రాసుకు వెంకటరాఘవన్. వీళ్లు కాక ఆంధ్ర, కేరళ జట్లు. ఒక్క జోన్‌లో ఇంతమంది టెస్టు ఆటగాళ్లుంటే, సీజను చివర మూడు గట్టి జట్లలో రెండు ఇంటిదారి పట్టవలసిందే. మరోవైపు ఈస్ట్ జోన్‌లో బెంగాల్, బీహార్, ఒరిస్సా, అస్సాం. అక్కడ ఎక్కువసార్లు బెంగాలే పైకి వచ్చేది. వెస్ట్ జోన్‌లోనైతే బొంబాయి 1958-59 నుంచి 1972-73 వరకు వరుసగా 15 సార్లు ట్రోఫీయే గెలిచింది. ఆ కాలంలో ఆ జోన్‌లోని మహారాష్ట్రకో, బరోడాకో దారి ఎక్కడిది? హైదరాబాదు 1964-65లో సౌత్ జోన్ దాటి ఫైనల్ దాకా వెళ్లి బొంబాయి చేతిలో ఓడింది.

అంటే జట్టు బలం ఒక్కటే కాదు, అది ఏ జోన్‌లో పుట్టిందన్నది కూడా దాని రాతను నిర్ణయించింది. మన భాషలో చెప్పాలంటే రోస్టర్ పాయింటు ఎక్కడ పడిందన్న దాని మీద ఆధారపడింది.

ఈ లోపాన్ని బోర్డు గుర్తించకపోలేదు. 1970-71 నుంచి ప్రతి జోన్ నుంచి రెండు జట్లను నాకౌట్‌కు తీసుకున్నారు. 1992-93 నుంచి మూడేసి జట్లు, మొత్తం 15. ఈ మార్పుల నడుమనే, మొదటి విజయానికి 49 ఏళ్ల తర్వాత, 1986-87లో ఎం.వి. నరసింహారావు నాయకత్వాన హైదరాబాదు ఢిల్లీని వాళ్ల ఊళ్లోనే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో దాటి రెండోసారి ట్రోఫీ తెచ్చింది. 1999-2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క సీజనులో 1,415 పరుగులు చేసినప్పుడు మరోసారి ఫైనల్ చేరి ముంబై చేతిలో ఓడింది.

చివరకు 2002-03లో జోన్‌లనే ఎత్తివేశారు. భౌగోళికం పోయి ప్రతిభ వచ్చిందన్నారు. 15 జట్లు ఎలీట్‌లో, మిగిలినవి ప్లేట్‌లో. బాగా ఆడితే పైకి, ఆడకపోతే కిందికి. వినడానికి ఇంతకంటే న్యాయం లేదనిపిస్తుంది. కాని ఇందులోనూ ఒక ప్రశ్న మిగిలింది. కింది తరగతిలో ఉన్నవాడికి అదే సంవత్సరం ట్రోఫీ గెలిచే అవకాశం ఉండాలా, వద్దా?

దీనికి జవాబు 2010-11లో వచ్చింది, అదీ మన హైదరాబాదును బలితీసుకుని. ఆ ఏడు మన జట్టు ప్లేట్‌లో ఉంది. జైపూర్‌లో రాజస్థాన్‌తో ఆడి 21 పరుగులకు ఆలౌటయింది. రంజీ చరిత్రలోనే అది అత్యల్ప స్కోరు. తొలి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. ఆనాటి నిబంధనల ప్రకారం ప్లేట్ నుంచి కూడా జట్లు నాకౌట్‌కు వచ్చేవి. అలా వచ్చిన రాజస్థాన్ ఆ ఏడు ఏకంగా ట్రోఫీయే గెలిచింది. మరుసటి ఏడు మళ్లీ గెలిచింది. కింది తలుపు మూసి ఉంటే ఆ జట్టు సత్తా ఎవరికి తెలిసేది?

అయితే తలుపు తెరిచినంత మాత్రాన ప్రతిసారీ రాజస్థానే రాదు. 2018-19లో కొత్త రాష్ట్రాల జట్లు చేరి మొత్తం 37 అయ్యాయి. వాటికి పైమెట్టున ఒక చోటు కేటాయించారు. ఆ ఏడు ఉత్తరాఖండ్ క్వార్టర్ ఫైనల్ ఆడింది. 2022 మార్చిలో ఇలాగే ప్లేట్ నుంచి వచ్చిన నాగాలాండ్ మీద కలకత్తాలో జార్ఖండ్ 880 పరుగులు చేసి, చివరకు 1,008 పరుగుల ఆధిక్యం సాధించింది. అది పోటీ అనిపించుకోలేదు. కేటాయింపు చేసేటప్పుడు ఆ చోటు అందుకునేవాడికి తగిన తర్ఫీదు కూడా ఇవ్వాలని ఈ మ్యాచ్ చెబుతున్నది. చోటు తీసివేయాలని మాత్రం చెప్పడం లేదు.

2022-23 నుంచి ప్లేట్‌ను పూర్తిగా వేరుచేశారు. అక్కడ గెలిస్తే మరుసటి ఏడు పైకి రావడమే తప్ప ఆ ఏటి ట్రోఫీ మీద ఆశ లేదు. ఆ సీజనులో కిందికి జారిన హైదరాబాదు 2023-24లో ప్లేట్ గెలిచి తిరిగి పైకి వచ్చింది. ఆ ప్లేట్ మ్యాచ్‌ల్లోనే 2024 జనవరిలో తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టి, 366 పరుగులు చేశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంత వేగంగా మూడు వందలు అంతకుముందు ఎవరూ చేయలేదు. కాని ఎదుటి జట్టు బలహీనమైనదైతే ఆ పరుగులను ఏ తక్కెడలో తూచాలి?

సరిగ్గా ఈ ప్రశ్న మీదే అమెరికాలో పెద్ద రభస జరిగింది. అక్కడ కాలేజీల ఫుట్‌బాల్‌కు మన సినిమాలకున్నంత ఆదరణ. పైస్థాయిలో 130కి పైగా జట్లున్నాయి. అన్నీ అన్నిటితో ఆడడం అసాధ్యం. కనుక 13 మంది సభ్యుల కమిటీ కూర్చుని చివరి పోటీకి జట్లను ఎంపిక చేస్తుంది. 2014 నుంచి నాలుగు జట్లను ఎంచేవారు. 2023 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ జట్టు ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది, తన లీగ్‌లో విజేత కూడా. అయినా ముఖ్య ఆటగాడు గాయపడ్డాడు కాబట్టి జట్టు మునుపటిలా లేదంటూ దాన్ని పక్కనపెట్టి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాను తీసుకున్నారు. గెలిచిన మ్యాచ్‌ల కంటే కమిటీ అంచనాకే విలువ ఎక్కువయింది. 2024 నుంచి జట్ల సంఖ్య 12కు పెంచి, అయిదుగురు లీగ్ విజేతలకు చోటు ఖాయం చేశారు. మన బోర్డు 1970లో చేసిన పని లాంటిదే వాళ్లూ చేశారన్నమాట.

ఈ తొంభై ఏళ్ల చరిత్ర నుంచి నాకు తోచింది ఇది. నిబంధన ఆటకు ముందే అందరికీ తెలిసి ఉండాలి. మధ్యలో మారకూడదు. ఆడి సంపాదించిన పాయింటును ఒకరి అభిప్రాయం కొట్టివేయకూడదు. దూరాన ఉన్నవాడికీ, వెనుకబడినవాడికీ ఒక దారి తెరిచే ఉండాలి. అభిప్రాయంతో నిర్ణయించక తప్పనిచోట కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. కారణం రాయని ఉత్తర్వు అప్పీలులో నిలవదని ఫైళ్లు నడిపిన మనకు తెలుసు.

జట్ల ఎంపిక ఇప్పుడు పాయింట్ల పట్టికతో తేలిపోతుంది. పదకొండు మంది ఆటగాళ్ల ఎంపిక మాత్రం ఇప్పటికీ ఒక గదిలో కొందరు కూర్చుని చేసేదే. మన పిల్లల భవిష్యత్తు ముడిపడి ఉన్నది అక్కడే. మన ప్రాంతం చిత్రమైన చోట ఉంది. అలంపూర్ నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు, అక్కడి కుర్రవాడు ఆంధ్ర జట్టు కోసం ప్రయత్నిస్తాడు. గద్వాల దాటి పడమరకు పోతే రాయచూరు, అక్కడివాడికి కర్ణాటక. నడుమనున్న మనవాడికి హైదరాబాదే దిక్కు. హైదరాబాదు క్రికెట్ సంఘంలో సభ్యత్వమున్న క్లబ్బుల్లో అత్యధికం జంటనగరాలవి. నాగర్‌కర్నూలులో బంతి వేసే కుర్రవాణ్ణి చూడటానికి సెలెక్టరు రాకపోతే, ఆ కుర్రవాడే బస్సెక్కి పట్నం పోయి ఏదో ఒక క్లబ్బులో చేరాలి. అద్దె గదికీ, తిండికీ డబ్బున్న ఇంటివాడికే అది సాధ్యం. పేదవాడి బిడ్డ ప్రతిభ పట్టికలోకి ఎక్కకముందే ఆగిపోతుంది.

కనుక జిల్లాల మధ్య మ్యాచ్‌లు ఏటా క్రమం తప్పకుండా జరగాలి. వాటి స్కోర్లు అందరూ చూసేలా ప్రకటించాలి. ఆ స్కోర్లను బట్టే పిల్లలను శిబిరాలకు పిలవాలి. ఎవరినైనా కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో ఒక్క వాక్యం రాసి ఇవ్వాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. అర్జీ రాయడం, రసీదు తీసుకోవడం, జవాబు వచ్చేదాకా గుర్తుచేస్తూ ఉండడం మన సభ్యులకు కొత్త కాదు. ఇంట్లోనో వీధిలోనో బ్యాటు పట్టుకు తిరిగే పిల్లవాడుంటే, ఆ అర్జీ ఒకటి వాడి కోసం రాయవలసిందిగా మిత్రులందరికీ మనవి.