ముద్దుపళని కావ్యంపై ముప్పై ఆరేళ్ల నిషేధం

తన చేతుల మీద పెరిగిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసింది రాధ. ఆ తర్వాత అసూయతో, విరహంతో రగిలిపోయింది. చివరికి కృష్ణుడే వచ్చి ఆమెను బుజ్జగించాడు. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’ కథ ఇది. ఈ కావ్యాన్ని 1911లో బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమంటూ నిషేధించింది.

అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన వాళ్ల గురించి, తన పాండిత్యం గురించి సగర్వంగా చెప్పుకున్న పీఠికా లేదు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోయినవన్నీ చేర్చి, 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించారు. ఈ కావ్యంలోని శృంగార వర్ణనలను కందుకూరి వీరేశలింగం అంతకుముందే తీవ్రంగా ఈసడించారు. సిగ్గు, మర్యాద ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ తన పీఠికలో సూటిగా నిలదీశారు. పురుషులు రాసిన శృంగార ప్రబంధాలను నెత్తిన పెట్టుకున్న లోకం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

అభ్యంతరకరమనిపించిన పద్యాలను ఏరి, ఇంగ్లీషులోకి మార్చి అధికారుల ముందు పెట్టారు. కావ్యమంతా చదివి తీర్పు చెప్పినవారు లేరు. పోలీసులు వచ్చి ప్రతులు పట్టుకుపోయారు. పండితులు అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. 1947లో మద్రాసు ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ఆ నిషేధం ఎత్తేశారు. 1952లో వావిళ్ల వారు కావ్యాన్ని మళ్లీ అచ్చు వేశారు. నాగరత్నమ్మ కన్నుమూసిందీ ఆ ఏడాదే.

చదువరి మనసు చెడగొట్టే గుణముంటే చాలు, ఆ రాత అశ్లీలమే అన్నది 1868 నాటి ఇంగ్లండు తీర్పు. విడి భాగాలు పట్టుకుని పుస్తకాన్నే దోషిగా నిలబెట్టడానికి అది దారి తీసింది. స్వతంత్ర భారతంలో రాజ్యాంగపు 19(1)(ఎ) అధికరణం వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చింది. 19(2) సభ్యత, నైతికతల పేరిట సహేతుకమైన ఆంక్షలకు వీలు కల్పించింది. 1964లో సుప్రీంకోర్టు ఆ పాత కొలమానాన్నే పాటించింది. 2014లో దాన్ని పక్కనపెట్టి, రచనను మొత్తంగా, నేటి సమాజ ప్రమాణాలతో చూడాలంది.

హద్దులు అక్కర్లేదని ఎవరూ అనరు. అయితే శిక్షించే ముందు మొత్తం చదవాలి, రాసిందెవరని చూడకుండా అందరినీ ఒకే కొలతతో కొలవాలి. 1910లో నాగరత్నమ్మ అడిగిన న్యాయం ఇంతే. నేటి నిషేధాలనూ ఆ కొలతతోనే తూచాలి.