షెల్ గ్రంథాలయం, తెలుగు పాఠ్యం

షెల్ అంటే యునిక్స్ వర్గపు వ్యవస్థల్లో ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాం. 1979లో బోర్న్ షెల్, 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ వచ్చాయి. పైథాన్ భాషకు ఉన్నంత ప్రామాణిక గ్రంథాలయం (సిద్ధంగా దొరికే ప్రమేయాల సంకలనం) బాష్‌కు లేదు. గ్రెప్, సెడ్, సార్ట్ వంటి విడి పనిముట్లే ఆ లోటు తీరుస్తాయి.

తెలుగు పాఠ్యంలో అక్షరాలు లెక్కించాల్సి వస్తే ఈ లోటు బాగా తెలుస్తుంది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ‘తార్నాక’ పేరే తీసుకుందాం. చదివేవారికి అందులో మూడక్షరాలు. యూటీఎఫ్-8 లొకేల్‌లో (భాషా అమరికలో) పొడవు అడిగితే బాష్ 7 అంటుంది, సి లొకేల్‌లో 21 బైట్లు అంటుంది. మొదటి మూడు ‘అక్షరాలు’ కోసి ఇమ్మంటే ‘తార’ చేతికొస్తుంది. పొల్లు, నావత్తు, చివరి ‘క’ పోతాయి. జాబితాలో ప్రాంతం పేరే మారిపోవడం చిన్న తప్పు కాదు.

దిద్దుబాటు కష్టమేమీ కాదు. పొల్లునూ దాని వెంటనున్న హల్లునూ కలిపి తొలగించాలి, తర్వాత గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, మిగిలిన పొల్లులు తీసేయాలి; మిగిలినవి లెక్కిస్తే తార్నాకకు 3 వస్తుంది. ‘హైదరాబాద్’కు ఇదే పద్ధతి 5 ఇస్తుంది, ఛందస్సు మాత్రం చివరి పొల్లును ముందక్షరంలో కలిపి 4 అంటుంది. అందుకే ఈ రెండు లెక్కలకు రెండు ప్రమేయాలు విడిగా ఉండాలి. వాటిని ఒకే ఫైలులో పెట్టి, సోర్స్ ఆదేశంతో పిలిచి, లోపలి చరరాశులను లోకల్‌గా ప్రకటించాలి. ఇలాంటి పేర్లే పరీక్షలుగా చేర్చాలి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయపు సంస్కృత ఉపకరణాల్లో వాడే డబ్ల్యూఎక్స్ లిప్యంతరీకరణ మరో దారి: దాదాపు ధ్వనికో రోమన్ అక్షరం కాబట్టి పాత పనిముట్లు యథాతథంగా పనిచేస్తాయి.