పారిశ్రామిక ఎలక్ట్రానిక్స్, ఆంగ్ల రచన: విశాఖలో డిప్లొమా విద్య

విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభం కాగా, ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైనది. రేవులోని క్రేన్ల మోటార్లకు, కర్మాగారంలోని రోలింగ్ మిల్లులకు వేగ నియంత్రణ అవసరం. ఆ పని చేయు పవర్ ఎలక్ట్రానిక్స్‌కు 1957లో రూపొందిన థైరిస్టర్ మూలాధారం.

కంచరపాలెంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి సంస్థలలో పదవ తరగతి ఉత్తీర్ణులు పాలిసెట్ ద్వారా డిప్లొమాలో చేరవచ్చును. రాష్ట్ర సాంకేతిక విద్య, శిక్షణ మండలి పాఠ్య ప్రణాళికలో ఎలక్ట్రానిక్స్‌తో పాటు ఆంగ్లమునకు కూడా స్థానమున్నది.

ఆంగ్లాన్ని కేవలం పరీక్ష కొరకు చదువుట సరికాదు. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి మీటరుతో దోషాన్ని ఇట్టే పట్టుకొనగలడు. దానిని షిఫ్టు పుస్తకంలో ఆంగ్లంలో వ్రాయవలసి వచ్చినపుడు తడబడును. ఏ స్విచ్చి ఆపినదీ, ఏ ఫ్యూజు తీసినదీ స్పష్టంగా వ్రాయనిచో తరువాతి షిఫ్టు కార్మికుడు విద్యుత్తు ప్రవహించు తీగను తాకు ప్రమాదమున్నది. వ్యాకరణ దోషాలు (అవి పత్రికా ప్రకటనలకూ తప్పవు) అంత ముఖ్యం కావు.

1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి డిప్లొమాదారులకు కూడా వర్తింపజేశారు. దాని ప్రకారం వారు పరిశ్రమలలో ఏడాదిపాటు స్టైపెండుతో శిక్షణ పొందవచ్చును.