ఆ రాత్రి జ్యూరిక్ గదిలో ఒక్కడే

2002 జులై 1. స్విట్జర్లాండ్‌లో రాత్రి పదకొండు దాటింది. జ్యూరిక్ ఏరియా కంట్రోల్ సెంటర్‌లో పీటర్ నీల్సన్ హెడ్‌సెట్ తగిలించుకుని రాడార్ తెర ముందు కూర్చున్నాడు. డెన్మార్క్ నుంచి వచ్చి, స్విస్ గగనతల నియంత్రణ సంస్థ స్కైగైడ్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేస్తున్నాడు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ఇద్దరు. రద్దీ తగ్గగానే రెండో కంట్రోలర్ విశ్రాంతి గదికి వెళ్లిపోయాడు. అదేమీ దొంగచాటుగా చేసిన పని కాదు. ఒకరు తెర ముందుంటే ఇంకొకరు నడుం వాల్చడం అక్కడ ఏళ్లుగా సాగుతున్న పద్ధతే. పైవాళ్లకూ తెలుసు. ఎవరూ వద్దనలేదు.

కానీ ఆ రాత్రి సాంకేతిక సిబ్బంది వ్యవస్థల మీద మరమ్మతులు పెట్టుకున్నారు. రాడార్ పూర్తి స్థాయిలో పనిచేయడం లేదు. రెండు విమానాలు ప్రమాదకరంగా దగ్గరవుతున్నప్పుడు తెర మీద కనిపించాల్సిన హెచ్చరిక రాదు. పక్క కేంద్రాలతో మాట్లాడే ప్రధాన టెలిఫోన్ లైన్లు ఆపేశారు. వాటికి బదులుగా ఉంచిన లైన్‌లో లోపముంది, ఆ లోపాన్ని అప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. మరమ్మతుల సంగతి కాగితం మీద ఉంది గానీ, వాటివల్ల కంట్రోలర్ చేతిలోంచి ఏమేం పోతాయో అందులో విడమరిచి రాయలేదు.

అప్పుడు ఆలస్యంగా నడుస్తున్న ఒక ఎయిర్‌బస్ వచ్చింది. అది సరిహద్దు అవతల, జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగాలి. దాన్ని దింపే పని వేరే తెర మీద, వేరే ఫ్రీక్వెన్సీలో చూడాలి. నీల్సన్ కుర్చీ జరుపుకుంటూ రెండు బల్లల మధ్య తిరుగుతున్నాడు. ఎయిర్‌బస్‌ను అప్పగించడానికి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కు ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు. కలవలేదు.

సరిగ్గా ఆ నిమిషాల్లోనే పెద్ద తెర మీద రెండు చుక్కలు ఒకే బిందువు వైపు కదులుతున్నాయి.

ఒకటి డీహెచ్‌ఎల్ కార్గో విమానం, బోయింగ్ 757. ఇటలీలోని బెర్గామో నుంచి బ్రసెల్స్ వెళ్తోంది. లోపల ఇద్దరే, ఇద్దరూ పైలట్లు. ఇంధనం ఆదా అవుతుందని 36,000 అడుగులకు అనుమతి అడిగింది. నీల్సన్ ఇచ్చాడు. రెండోది బష్కీరియన్ ఎయిర్‌లైన్స్ టుపొలెవ్-154. మాస్కో నుంచి బార్సిలోనాకు. అదీ 36,000 అడుగుల మీదే వస్తోంది. అందులో 69 మంది. వాళ్లలో 40 మందికి పైగా రష్యాలోని ఊఫా నగరపు బడిపిల్లలు. చదువులోనూ కళల్లోనూ రాణించినందుకు బహుమతిగా స్పెయిన్ సముద్రతీరానికి విహారయాత్ర. నిజానికి వాళ్లు అంతకు రెండు రోజుల ముందే వెళ్లిపోవాల్సింది. మాస్కోలో ఒక విమానాశ్రయానికి బదులు మరో విమానాశ్రయానికి చేర్చడంతో అసలు విమానం తప్పిపోయింది. పిల్లలు నిరాశపడకూడదని ఈ ప్రత్యేక విమానం ఏర్పాటు చేశారు. మిగిలిన సీట్లలో కొన్నింటిని ఇతరులకు అమ్మారు. ఆ టికెట్లు కొన్నవాళ్లలో ఉత్తర ఒసేతియాకు చెందిన ఒక తల్లి, ఆమె పదేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు ఉన్నారు. ఆమె భర్త వితాలీ కలోయెవ్ వాస్తుశిల్పి. బార్సిలోనాలో పనిచేస్తూ, వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాడు.

ప్రమాదాన్ని మొదట పసిగట్టింది జ్యూరిక్ కాదు. జర్మనీలోని కార్ల్స్‌రూహె కేంద్రంలో హెచ్చరిక మోగింది. అక్కడి కంట్రోలర్ జ్యూరిక్‌కు పదే పదే ఫోన్ చేశాడు. లైన్ కలవలేదు. ఆ విమానాలు తన అధీనంలో లేవు కాబట్టి నేరుగా పైలట్లతో మాట్లాడే అధికారం ఆయనకు లేదు. రెండు చుక్కలు దగ్గరవడాన్ని చూస్తూ ఉండిపోయాడు.

11 గంటల 34 నిమిషాల 49వ సెకనుకు నీల్సన్ చూశాడు. వెంటనే టుపొలెవ్‌ను 35,000 అడుగులకు దిగమన్నాడు, త్వరపడమన్నాడు. ఏడు సెకన్లు గడిచాయి. రెండు కాక్‌పిట్‌లలోనూ టీకాస్ గొంతు విప్పింది. ఎదురొచ్చే విమానంతో నేరుగా సంకేతాలు పంచుకుని, ఒకరిని పైకి, ఇంకొకరిని కిందికి పంపే యంత్రమది. బోయింగ్‌కు ‘దిగండి’ అంది. టుపొలెవ్‌కు ‘ఎక్కండి’ అంది. బోయింగ్ పైలట్లు యంత్రం మాట విని దిగడం మొదలుపెట్టారు. టుపొలెవ్‌లో కోపైలట్, ఇది పైకి వెళ్లమంటోందని అన్నాడు. కమాండర్ స్థానంలో ఉన్నవాడు, కంట్రోలర్ మనల్ని కిందికి దింపుతున్నాడని బదులిచ్చాడు. పైలట్ల నుంచి వెంటనే జవాబు రాకపోవడంతో నీల్సన్ ఆదేశాన్ని మళ్లీ చెప్పాడు. పైగా ఎదుటి విమానం కుడివైపు నుంచి వస్తోందన్నాడు. నిజానికి అది ఎడమ నుంచి వస్తోంది.

యంత్రాలు పైలట్లకు ఏం చెప్పాయో కంట్రోలర్ తెరకు తెలియదు. బోయింగ్ కూడా దిగుతోందని నీల్సన్‌కు అప్పటికి ఎవరూ చెప్పలేదు. బోయింగ్ పైలట్లు చెప్పేసరికి ఆయన మళ్లీ ఎయిర్‌బస్ వైపు తిరిగి ఉన్నాడు. టుపొలెవ్ దిగుతోంది కదా, గండం గడిచిందనే నమ్మకంతో.

11 గంటల 35 నిమిషాల 32వ సెకనుకు, కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఉన్న ఊబెర్లింగెన్ పట్టణం మీద, దాదాపు 35,000 అడుగుల ఎత్తులో, బోయింగ్ తోకభాగం టుపొలెవ్ పొట్టను కోసేసింది. నీల్సన్ మొదటి ఆదేశానికీ దీనికీ మధ్య 43 సెకన్లు. రెండు విమానాల్లో కలిపి 71 మంది. ఒక్కరూ మిగల్లేదు.

ఇది ఆ ఆకాశంలో జరిగిన మొదటి ఘోరం కాదు. అంతకు ఏడు నెలల ముందు జరిగింది తెలియకపోతే, జ్యూరిక్ విమానాశ్రయం అప్పటికే ఎంత ఇరుకున పడి ఉందో అర్థం కాదు.

జ్యూరిక్ జర్మనీ సరిహద్దుకు అతి దగ్గర. ఉత్తరం నుంచి దిగే విమానాలు దక్షిణ జర్మనీ పల్లెల మీదుగానే రావాలి. లాభం స్విస్ విమానాశ్రయానిది, మోత మాత్రం మాదా అని ఆ ఊళ్లవాళ్లు ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. న్యాయమైన ప్రశ్నే. నిద్రపట్టని ఇంట్లో పసిపిల్లలుంటే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. 2001 అక్టోబరులో రెండు దేశాలూ ఒప్పందంపై సంతకాలు చేశాయి. రాత్రి పది దాటితే జర్మనీ మీదుగా దిగడం ఆపాలి. అంటే అత్యాధునిక ల్యాండింగ్ వ్యవస్థ ఉన్న 14వ నంబరు రన్‌వేకు బదులు, తూర్పు నుంచి 28వ నంబరు రన్‌వేకు రావాలి. అటువైపు పైలట్‌కు దిగాల్సిన వాలును కచ్చితంగా చూపించే వ్యవస్థ లేదు, దారిలో కొండలున్నాయి.

2001 నవంబరు 24 రాత్రి బెర్లిన్ నుంచి వచ్చిన క్రాసెయిర్ 3597 విమానం సరిగ్గా ఆ పది గంటల గీత దగ్గరికి చేరింది. 14కు దిగుతామనుకున్న పైలట్లకు 28 ఇచ్చారు. మేఘాలు కిందికి వాలి ఉన్నాయి. రన్‌వే కనిపించకుండానే కెప్టెన్ కనిష్ఠ ఎత్తు కంటే దిగువకు దించేశాడు. బాసెర్స్‌డోర్ఫ్ దగ్గర విమానం చెట్లు తాకి కూలింది. 33 మందిలో 24 మంది చనిపోయారు. తప్పు కెప్టెన్‌దేనని దర్యాప్తు తేల్చింది, అందులో సందేహం లేదు. ఆ కెప్టెన్‌కు గతంలోనూ పొరపాట్ల చరిత్ర ఉంది. సంస్థ దాన్ని పట్టించుకోలేదని కూడా దర్యాప్తే చెప్పింది. టవర్‌లో సూపర్‌వైజర్ అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ దారి మీద, విమానం మరీ కిందికి వస్తే కంట్రోలర్‌ను హెచ్చరించే ఏర్పాటూ లేదు.

శబ్దం తగ్గించాలనుకోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. తప్పు దాని ఖర్చు లెక్క వేయకపోవడంలో ఉంది. రాత్రి పది తర్వాత మరో రన్‌వే వాడాలని నిర్ణయించినవాళ్లు, ఆ రన్‌వేకు కూడా సమానమైన పరికరాలు, సరిపడా మనుషులు ఉండేలా ముందు చూడాలి. ఆ పని మిగిలిపోతే భారం రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి మీద పడుతుంది. ఊబెర్లింగెన్‌లోనూ అదే వరస. దక్షిణ జర్మనీ ఆకాశాన్ని జ్యూరిక్ చూసుకునేందుకు చెల్లుబాటయ్యే ఒప్పందమే లేదని 2006లో కాన్‌స్టాన్స్ కోర్టు తేల్చింది. పైలట్లు యంత్రం మాట వినాలా, మనిషి మాట వినాలా అన్నదీ అప్పటికి ప్రపంచమంతటా స్పష్టంగా లేదు. 2001 జనవరిలో జపాన్‌లో రెండు జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలు ఇదే గందరగోళంలో వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. వాటిలో ఉన్నది 677 మంది. నిబంధన మార్చమని జపాన్ అడిగింది. మారలేదు. ఊబెర్లింగెన్ తర్వాత గానీ, టీకాస్ చెప్పినదే పాటించాలి, కంట్రోలర్ చెప్పినది దానికి విరుద్ధమైనా సరే అన్న నియమం గట్టిపడలేదు. 1996 నవంబరులో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మందిని పోగొట్టుకున్నాకే మన దేశంలో ఈ పరికరాన్ని తప్పనిసరి చేశారు. ఒక్కో నిబంధన వెనుక ఎందరున్నారో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక జులై 2 ఉదయానికి వద్దాం. ప్రపంచం మాట కోసం ఎదురుచూస్తోంది. జ్యూరిక్ వైపు నుంచి వచ్చిన తొలి మాటలు, రష్యన్ పైలట్‌ను ముందుగానే హెచ్చరించాం, ఆయనే ఆలస్యంగా స్పందించాడు అన్నట్టుగా ఉన్నాయి. హెచ్చరికకూ ఢీకొనడానికీ మధ్య వ్యవధి ముందు ఎక్కువగా చెప్పి, తర్వాత తగ్గించుకున్నారు. అది నిమిషం కూడా కాదని జర్మన్ దర్యాప్తు అధికారులు బయటపెట్టారు. టెలిఫోన్ల సంగతి, ఆగిన హెచ్చరిక సంగతి, విశ్రాంతి గది సంగతి ఒకటొకటిగా వచ్చాయి. పిల్లల్ని పోగొట్టుకున్న ఊరికి ఆ రోజుల్లో వినిపించింది, మీవాళ్లదే తప్పు అన్న అర్థం. తర్వాత ఎన్ని సవరణలు వచ్చినా ఆ మొదటి అర్థం చెరగలేదు.

కలోయెవ్ వెంటనే ఊబెర్లింగెన్ చేరుకున్నాడు. శిథిలాల మధ్య వెతుకుతున్నవాళ్లతో కలిసి తానూ వెతికాడు. కూతురి మెడలోని ముత్యాల దండ తెగిపోయి దొరికింది, తర్వాత పాప దొరికింది. సొంత ఊళ్లో ముగ్గురికీ సమాధి కట్టి ఆ పక్కనే కాలం వెళ్లబుచ్చాడు. 2003లో, మొదటి వర్ధంతికి వచ్చినప్పుడు స్కైగైడ్ అధిపతిని కలిసి, ఆ కంట్రోలర్‌తో మాట్లాడాలని అడిగాడు. అది జరగలేదు. కొన్ని నెలలకు పరిహారం ప్రతిపాదన వచ్చింది. భార్యకు 60,000 స్విస్ ఫ్రాంకులు, పిల్లలకు తలా 50,000. తీసుకుంటే ఇక మీద ఏ దావా వేయకూడదు. అందులో లేనిది ఒక్కటే, క్షమాపణ.

న్యాయవాదుల సలహా ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. క్షమించమంటే తప్పు ఒప్పుకున్నట్టే, దర్యాప్తు పూర్తయ్యేదాకా నోరు విప్పొద్దని ఏ సంస్థకైనా చెబుతారు. కానీ ఇద్దరు పిల్లల తండ్రి ఎదుట నిలబడి, ‘మా ఆకాశంలో మీ పిల్లలు పోయారు, మమ్మల్ని క్షమించండి’ అనడానికి దర్యాప్తు నివేదిక అవసరం లేదు. ఎవరిది ఎంత తప్పు అన్నది ఆ మాటలో లేదు. ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషికి, దానికి బదులు ఒక్కొక్క ప్రాణం ధర రాసిన కాగితం అందింది.

2004 ఫిబ్రవరి 24న కలోయెవ్ జ్యూరిక్ పక్కనున్న క్లోటెన్‌లో నీల్సన్ ఇంటి ముందుకు వెళ్లాడు. జేబులో పిల్లల ఫొటోలున్నాయి. చాకు కూడా ఉంది. ఫొటోలు చూపించబోతే నీల్సన్ తన చేతిని తోసేశాడని, ఆ తర్వాత జరిగింది గుర్తులేదని తర్వాత చెప్పాడు. ఇంట్లో భార్యా, ముగ్గురు పిల్లలూ ఉండగా గుమ్మం ముందు నీల్సన్ ప్రాణం పోయింది. ఆయన వయసు 36.

కలోయెవ్ దుఃఖం ఎంతటిదో అర్థమవుతుంది. అయినా ఈ హత్యను సమర్థించలేను. నీల్సన్ కూడా ఒక తండ్రే. ప్రమాదం తర్వాత ఆయన మానసికంగా కుంగిపోయి చికిత్స తీసుకున్నాడు. 71 మంది మరణానికి కనిపించే ముఖం ఆయన ఒక్కడిదే అయిపోవడంలో ఆయన తప్పు చాలా కొంచెం.

ఆ తర్వాత మూడు నెలలైనా నిండలేదు. 2004 మే 19న జర్మనీ దర్యాప్తు సంస్థ నివేదిక బయటికొచ్చింది. ఒక్క మనిషితో రాత్రి షిఫ్టు నడిచే పద్ధతిని స్కైగైడ్ యాజమాన్యం ఏళ్లుగా సాగనిచ్చిందని అందులో రాశారు. అదే రోజు స్కైగైడ్ బాధ్యత ఒప్పుకుని, మృతుల బంధువులను క్షమాపణ కోరింది. దాదాపు రెండేళ్లు ఆలస్యంగా.

2005 అక్టోబరులో కలోయెవ్‌కు ఎనిమిదేళ్ల శిక్ష పడింది. పైకోర్టు తగ్గించింది. 2007 నవంబరులో విడుదలై స్వదేశం చేరినప్పుడు జనం వీరుడిలా స్వాగతం పలికారు, తర్వాత ఉత్తర ఒసేతియా ప్రభుత్వంలో నిర్మాణ శాఖ ఉపమంత్రిని కూడా చేశారు. ఆ స్వాగతం నాకు మింగుడుపడదు. క్లోటెన్‌లో తండ్రి లేకుండా పెరిగిన ముగ్గురు పిల్లలకు అది ఎలా కనిపించి ఉంటుంది?

ఆయన విడుదలకు రెండు నెలల ముందు, 2007 సెప్టెంబరులో, జ్యూరిక్ దగ్గరి బ్యూలాఖ్ కోర్టు స్కైగైడ్ ఉద్యోగులు ఎనిమిది మందిపై తీర్పు చెప్పింది. నలుగురిని విడిచిపెట్టింది. నిర్లక్ష్యంతో మరణాలకు కారకులయ్యారని నలుగురు మేనేజర్లను దోషులుగా తేల్చింది. వాళ్లలో ముగ్గురికి ఏడాది జైలు, అదీ అమలు కాకుండా నిలిపివేసిన శిక్ష. నాలుగో వ్యక్తికి జరిమానా. రాత్రిపూట కంట్రోలర్‌ను ఒంటరిగా వదిలేసే పద్ధతి ఎవరిదో కోర్టు ఇలా తేల్చేసరికి, నీల్సన్ పోయి మూడున్నరేళ్లయింది.